ఐపీ పెట్టాక: డిశ్చార్జి కాగితం నుంచి సిబిల్ దాకా

మన ఊళ్లలో "ఫలానావాడు ఐపీ (ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా అర్జీ) పెట్టాడు" అంటే ఇక అయిపోయిందని లెక్క. కొట్టు మూశాడు, అప్పులవాళ్లకు నోటీసులు వెళ్లాయి, డబ్బు ఇక రాదు. పెట్టినవాళ్లలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. ఫోన్లు ఆగాయి, ఇంటి ముందు గొడవలు ఆగాయి, అంతటితో కోర్టు వైపు తిరిగి చూడరు. ఏళ్లు గడిచాక పిల్లల చదువుకు లోన్ అడగడానికి వెళ్తే అప్పుడు బయటపడుతుంది. ఐపీ మధ్యలోనే రద్దయింది, అప్పులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో "రిటన్ ఆఫ్" (రాని బాకీ కింద బ్యాంకు కొట్టేసింది) అని పడి ఉంది.

ఇది వాళ్ల కోసం రాస్తున్నది. ఐపీ దాకా పోకుండా బ్యాంకుతో సెటిల్‌మెంట్ చేసుకుని బయటపడ్డవాళ్లకు కూడా సగానికి పైగా పనికొస్తుంది. మళ్లీ నిలదొక్కుకోవడానికి ఒక వరస ఉంది. వరస తప్పితే కట్టిన డబ్బు వృథా, ఒక్కోసారి కొత్త కేసు కూడా.

నోటీసు పంపితే దివాలా అయినట్టు కాదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మామూలు మనిషి దివాలా ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. (చెన్నై, ముంబై నగరాల్లో ఉండే మనవాళ్లకు 1909 నాటి ప్రెసిడెన్సీ టౌన్స్ చట్టం.) 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అంటారు. అందులో వ్యక్తుల భాగం, కంపెనీల అప్పుకు ష్యూరిటీ ఇచ్చినవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. కిరాణా కొట్టు, కౌలు సేద్యం, ఇంటి అప్పులు, క్రెడిట్ కార్డులు, వీటన్నిటికీ పాత చట్టమే దిక్కు.

ఆ చట్టంలో మెట్లు ఇవి. మీరు పిటిషన్ వేస్తారు, సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో. అప్పులవాళ్లందరికీ నోటీసులు వెళ్తాయి. ఊళ్లో "ఐపీ నోటీసు" అనేది ఇదే. ఇక్కడికి మీరు దివాలా అర్జీ పెట్టుకున్నవారు మాత్రమే. విచారణ అయ్యాక కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తుంది. అప్పుడు మీ ఆస్తి రిసీవర్ (ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) చేతికి పోతుంది, కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు మీమీద విడిగా దావాలు నడపడానికి వీలుండదు. ప్రకటించే ఆ ఉత్తర్వులోనే, డిశ్చార్జి (పాత అప్పుల నుంచి విడుదల చేసే కోర్టు ఉత్తర్వు) కోసం ఎన్నాళ్లలోగా అర్జీ పెట్టుకోవాలో గడువు రాసి ఉంటుంది.

ఎక్కువ ఐపీలు చెడేది ఆ గడువు దగ్గరే. గడువులోగా డిశ్చార్జి అర్జీ వేయకపోతే 43వ సెక్షన్ కింద ప్రకటన రద్దవుతుంది. రద్దయితే అప్పులవాళ్లు మళ్లీ మీమీదికి రావచ్చు. అప్పటికి మూడేళ్లు దాటింది కదా, కాలదోషం పట్టింది కదా అని ధీమా పడటానికీ లేదు. ప్రకటించిన రోజు నుంచి రద్దయిన రోజు దాకా ఉన్న కాలాన్ని వాళ్ల గడువు లెక్కలోంచి తీసేస్తారని 78వ సెక్షన్ చెబుతోంది. పోనీ మళ్లీ ఐపీ పెడదామంటే, ఇలా రద్దయినవాళ్లు రద్దు చేసిన కోర్టు అనుమతి లేకుండా రెండోసారి పెట్టుకోలేరు. ఒక్క అర్జీ వేయనందుకు ఇన్ని తలుపులు మూసుకుంటాయి.

అందుకే మొట్టమొదటి పని: ఐపీ నంబరు, సంవత్సరం పట్టుకుని ఈ-కోర్ట్స్ సైటులో కేసు ఏ స్థితిలో ఉందో చూడండి. కొట్టేశారా, ప్రకటించారా, ప్రకటించి రద్దు చేశారా, డిశ్చార్జి వచ్చిందా? పాత కేసైతే ఆన్‌లైన్‌లో కనపడకపోవచ్చు. అప్పుడు కాపీ అప్లికేషన్ వేసి ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాలి. మూడు నాలుగు కాపీలు ఒకేసారి తీయించండి. బ్యాంకుకు ఒకటి, సిబిల్ లాంటి క్రెడిట్ కంపెనీకి ఒకటి, రేపు ఇంకెక్కడో ఒకటి అవసరమవుతూనే ఉంటాయి.

డిశ్చార్జి అడిగితే వెంటనే ఇచ్చేస్తారని కాదు. ఆస్తి విలువ మీ తనఖా లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలు, అంటే సగం, కూడా లేకపోతే పూర్తి డిశ్చార్జి ఇవ్వకూడదని 42వ సెక్షన్. దానికో మినహాయింపు ఉంది. నష్టం మీ తప్పు లేకుండా జరిగిందని చూపగలిగితే ఇవ్వొచ్చు. పంట పోయిన ఏడాది కాగితాలు, ఆసుపత్రి బిల్లులు, కొట్టు కాలిపోతే పంచనామా, సరుకు తీసుకుని ఎగ్గొట్టినవాళ్ల మీద వేసిన దావా నంబర్లు, ఇవన్నీ ఇక్కడ పనికొస్తాయి. దివాలాకు ముందు మూడేళ్ల జమాఖర్చు పుస్తకాలు వ్యాపారులకు మరీ ముఖ్యం. పుస్తకాలు లేకపోవడం కూడా డిశ్చార్జికి అడ్డొచ్చే కారణాల్లో ఒకటి.

డిశ్చార్జి రాకముందు కొత్త అప్పు జోలికి పోకండి

ఇది చాలామందికి తెలియదు, లాయర్లు కూడా కొందరు చెప్పరు. దివాలాదారుగా ప్రకటించాక, డిశ్చార్జి రాకముందు, మీ పరిస్థితి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పు తీసుకుంటే నేరం. 72వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు. 1920లో రాసిన అంకె అది, ఇప్పటికీ చట్టంలో అలాగే ఉంది. లోన్ యాప్‌లో వేలు నొక్కినా, కార్డుకు దరఖాస్తు చేసినా, కొట్టులో ఖాతా పెట్టినా ఈ లెక్కలోకే వస్తాయి.

ఇంకోటి. ఆ మధ్యకాలంలో మీకు వచ్చే ఆస్తి కూడా రిసీవర్‌కే చెందుతుంది. తాతగారి పొలంలో వాటా వచ్చినా, మీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినా అంతే. జీతం మొత్తం పోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు అప్పు డిక్రీకి జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు దొరకవు. జీతం 25,000 అనుకుంటే 1,000 తీసేసి, 24,000లో 16,000 కలిపితే 17,000 మీవే. ప్రావిడెంట్ ఫండ్, పీపీఎఫ్ సొమ్ము కూడా జప్తు నుంచి తప్పించినవే. చేతిలో కొంచెం మిగిలితే ఈ దశలో పీపీఎఫ్ ఖాతా మంచిది. ఏడాదికి కనీసం 500 రూపాయలతో నడుస్తుంది.

భార్య పేరునో బావమరిది పేరునో ఆస్తి మార్చి ఐపీ పెట్టాలనుకునేవాళ్లు ఉంటారు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు చేసిన అలాంటి మార్పిడులను రిసీవర్ రద్దు చేయించవచ్చు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో, ఒక అప్పులవాడికి మేలు చేయాలని అతనికి మాత్రమే కట్టేసినా అదీ వెనక్కి పోతుంది. దాంతోపాటు డిశ్చార్జి కూడా చెడుతుంది.

డిశ్చార్జి వచ్చాక కూడా పోని బాకీలు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో తెచ్చిన అప్పులు, భార్యాబిడ్డలకు కోర్టు వేసిన మనోవర్తి. తనఖా పెట్టిన ఇల్లు, పొలం మీద బ్యాంకు హక్కు ఐపీతో అసలు కదలదు. చెక్కు బౌన్సు కేసు క్రిమినల్ దారి, ఐపీ ఉంది కదా అని అది ఆగుతుందని లెక్కేసుకోవద్దు, దానికి విడిగా లాయరును పెట్టుకోండి.

మీకోసం సంతకం పెట్టిన ష్యూరిటీదారు సంగతి వీటన్నిటికంటే బరువైనది. మీ డిశ్చార్జితో అతను బయటపడడు. మీరు కోర్టు నుంచి ఖాళీ చేతులతో ఇంటికి వస్తే బ్యాంకు అతని జీతం మీదికి పోతుంది, అతని సిబిల్ కూడా మీ అప్పుతోనే దెబ్బతింటుంది. మళ్లీ నాలుగు రూపాయలు సంపాదించడం మొదలుపెట్టాక మొదట తీర్చాల్సింది అతనిదే. చట్టం బలవంతపెట్టినా పెట్టకపోయినా.

సెటిల్‌మెంట్ దారిలో వచ్చినవాళ్లు

ఉద్యోగులు చాలావరకు ఐపీ దాకా పోరు. పర్సనల్ లోన్, కార్డు బాకీ పేరుకుపోయాక బ్యాంకువాళ్లు "అయిదు లక్షలకు రెండు కట్టండి, క్లోజ్ చేస్తాం" అంటారు. ఆ "క్లోజ్" మాట దగ్గర చెవి పెట్టండి. తగ్గించుకుని కట్టిన ఖాతా రిపోర్టులో "క్లోజ్డ్" అని పడదు, "సెటిల్డ్" అని పడుతుంది. రేపు లోన్ ఇచ్చే అధికారి కంటికి ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

డబ్బు కట్టే ముందే బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకోవాలి. అందులో లోన్ ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, తేదీలు, ఆ మొత్తంతో బాకీ పూర్తిగా తీరినట్టేనన్న మాట ఉండాలి. కలెక్షన్ ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫొటో దీనికి సరిపోదు. ఏజెంటు చేతికి నగదు ఇవ్వొద్దు. లోన్ ఖాతాలోకే కట్టండి. వాయిదాల్లో కట్టే ఒప్పందమైతే ఒక్క వాయిదా తప్పినా తగ్గింపు పోతుందన్న షరతు సాధారణంగా ఉంటుంది. కాబట్టి మొత్తం చేతికొచ్చాకే సంతకం పెట్టడం మేలు.

కట్టాక మూడు పనులు అదే వారంలో చేయండి. బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. మొదట్లో ఇచ్చిన ఖాళీ చెక్కులు, సంతకం చేసిన చెక్కులు వెనక్కి తీసుకోండి. పాత ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతిని మీ బ్యాంకులో రద్దు చేయించండి. మూడోది మరిచిపోతే, నాలుగు నెలల తర్వాత ఎవరో సిస్టమ్‌లో నొక్కిన బటన్‌కు మీ కొత్త జీతం ఖాతాలోంచి డబ్బు పోతుంది, లేదా బౌన్స్ చార్జీలు పడతాయి. ఇల్లు తనఖా పెట్టిన అప్పైతే, తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు ఇచ్చి తీరాలి. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు కట్టాలని రిజర్వు బ్యాంకు నియమం, 2023 డిసెంబరు 1 నుంచి ఉంది.

సెటిల్ చేసుకున్న వెంటనే అదే బ్యాంకును మళ్లీ అప్పు అడగొద్దు. సేద్యపు అప్పులు కాని వాటికి కనీసం 12 నెలలు ఆగాలని 2023 జూన్‌లో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకులు అంతకంటే ఎక్కువ కూడా పెట్టుకోవచ్చు.

రిపోర్టు చదవడం

అందరూ "సిబిల్" అంటారు గానీ మన దేశంలో ఇలాంటి కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మొదటిసారి నాలుగూ ఒకేసారి తీయండి, ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో లేకపోవచ్చు. వచ్చే ఏడాది నుంచి మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా ఉచితంగా ఓ కన్నేసి ఉంచినట్టవుతుంది. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు.

300 నుంచి 900 మధ్య ఉండే స్కోరు మీద చూపు నిలపకండి. కిందికి రండి. ప్రతి అప్పు దగ్గర నెలనెలా గళ్లు ఉంటాయి, 36 నెలలవి. ప్రతి గడిలో ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె. 000 అంటే టైముకు కట్టారు. 030, 060, 090 అంటే అన్ని రోజులు వెనకబడ్డారు. ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని ఉంటే ఆ నెల బ్యాంకు ఏమీ పంపలేదని, మీ తప్పు కాదు. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ. గళ్ల పక్కన, పైన ఉండే అంకెలు చూడండి: కరెంట్ బ్యాలెన్స్, అమౌంట్ ఓవర్‌డ్యూ, (గడువు దాటిన బాకీ), రిటన్ ఆఫ్ అమౌంట్, సెటిల్‌మెంట్ అమౌంట్, సూట్ ఫైల్డ్ (దావా వేశారా అన్నది).

తప్పులు ఎక్కువగా దొరికే చోట్లు నాకు తెలిసినంతలో ఇవి. సెటిల్ అయి ఏళ్లయినా ఓవర్‌డ్యూ దగ్గర సున్నా కాకుండా అంకె ఉండటం. బ్యాంకు మీ బాకీని, మొండిబాకీలు కొనే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి అమ్మేస్తే, ఒకే అప్పు రెండు పేర్లతో రెండుసార్లు కనపడటం. మీరు ష్యూరిటీ మాత్రమే అయినా అసలు రుణగ్రహీతగా చూపడం. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇంకొకరి అప్పు మీ పాన్ మీద పడటం, మన ఊళ్లలో తాతల పేర్లు పెట్టుకునే అలవాటు వల్ల ఇది అరుదేం కాదు. మహిళా సంఘంలో తీసుకున్న అప్పు సభ్యురాలి పేరున నమోదయ్యే ఏర్పాటు కూడా ఉంది. డ్వాక్రా గ్రూపులో ఉన్నవాళ్లు క్రిఫ్ రిపోర్టు తప్పక తీసి చూడండి.

తప్పు కనపడితే ఆ కంపెనీ సైటులోనే డిస్ప్యూట్ వేయాలి, రుసుము లేదు. రిపోర్టు మీద ఉన్న కంట్రోల్ నంబరు, తప్పున్న ఖాతా, సరైన సమాచారం, రుజువు కాగితం ఇవ్వండి. అదే రోజు బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి కూడా రాయండి, ఎందుకంటే క్రెడిట్ కంపెనీ తనంతట తాను ఏదీ మార్చదు, బ్యాంకు ఒప్పుకుంటేనే మారుస్తుంది. 30 రోజుల్లో తేలాలి. ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు పరిహారం. బ్యాంకు 21 రోజుల్లోగా క్రెడిట్ కంపెనీకి సరైన సమాచారం పంపకపోతే బ్యాంకే కట్టాలి. పంపినా కంపెనీ దిద్దకపోతే కంపెనీ కట్టాలి. 75వ రోజున తేలిందనుకోండి, 45 రోజులకు 4,500 రూపాయలు. ఆ డబ్బు సంగతి అలా ఉంచి, రోజుకు 100 రూపాయల ఈ నియమం గురించి ఉత్తరంలో రాస్తే ఫైలు కదులుతుంది. అందుకే ఫిర్యాదు పెట్టిన తేదీ, నంబరు భద్రంగా ఉంచుకోండి. 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో వేయొచ్చు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు.

డిశ్చార్జి వచ్చినవాళ్లు సర్టిఫైడ్ కాపీ జత చేసి, ఆ అప్పుల మీద బాకీ, ఓవర్‌డ్యూ సున్నాగా చూపమని అడగాలి. "రిటన్ ఆఫ్" అన్న గతం మాత్రం చెరగదు, అది నిజం కాబట్టి. "సిబిల్ క్లియర్ చేస్తాం, 15,000 ఇవ్వండి" అని స్తంభాల మీద అంటించేవాళ్లు, రీల్స్‌లో చెప్పేవాళ్లు చేసేది ఏమీ లేదు. ఉన్న నిజాన్ని ఎవరూ తీయలేరు, తప్పునైతే మీరే ఉచితంగా తీయించుకోగలరు. ఏడేళ్లకు అన్నీ వాటంతట అవే పోతాయన్న మాట కూడా సగమే. క్రెడిట్ కంపెనీలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచాలన్నది నియమం. ఏడేళ్లకు చెరిపేయాలని కాదు.

"సెటిల్డ్"ను "క్లోజ్డ్" చేయించుకునే దారి ఒకటుంది. అప్పట్లో మాఫీ చేసిన మొత్తం ఇప్పుడు కట్టడం. కట్టే ముందు, కట్టాక "క్లోజ్డ్"గా మారుస్తామని బ్యాంకు రాసివ్వాలి. ఖాతాను అమ్మేసి ఉంటే ఎవరికి కట్టాలో తేల్చే బదిలీ ఉత్తరం చూడకుండా రూపాయి ఇవ్వకండి. మాఫీ మొత్తం 8,000, 15,000 లాంటి చిన్నదైతే, ముఖ్యంగా పాత కార్డు బాకీ అయితే, ఇది చేయడం లాభమే. లక్షల్లో ఉంటే ఆ డబ్బు ష్యూరిటీదారుకో, ఇంటి అత్యవసర నిధికో పోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రోనోట్లు, చెల్లు

బ్యాంకు బాకీ కంటే చేబదుళ్లు, ప్రోనోట్లు మనసును ఎక్కువ తినేస్తాయి. డిశ్చార్జి తర్వాత చట్టం అడగకపోయినా తీర్చాలనుకునేవాళ్లు చాలామంది. అది గౌరవించాల్సిన సంగతి. కాకపోతే కళ్లు తెరుచుకుని తీర్చాలి. డిశ్చార్జి లేనివాళ్లకు ఇది మరీ అవసరం.

నోటు వెనక్కి తిప్పితే చెల్లు కనిపిస్తుంది: "ఈ నోటు బాపతు ఈ రోజు రూ. 5,000 అక్షరాలా అయిదు వేల రూపాయలు చెల్లు", కింద తేదీ, కింద మీ సంతకం. మీ సంతకమే, తీసుకున్నవాడిది కాదు. ప్రోనోటుకు మూడేళ్ల గడువు. ఆ గడువు తీరకముందు పడ్డ ప్రతి చెల్లుతో, ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతుంది. అంటే వెనక ఉన్న చెల్లు అప్పిచ్చినవాడికి రక్షణ. మీరు కట్టారన్న రుజువు మీ చేతిలో ఏదీ ఉండదు. అందుకే ప్రతిసారీ బ్యాంకు ద్వారా గానీ యూపీఐలో గానీ పంపండి, లేదా అతని సంతకంతో విడిగా రసీదు తీసుకోండి. పూర్తిగా తీరిన రోజు నోటు వెనక్కి తీసుకుని, దాని మీద "పూర్తిగా చెల్లు" అని అతనితో రాయించి సంతకం పెట్టించి దాచండి. చింపేయకండి.

గడువు ఎప్పుడో తీరిపోయిన నోటు మీద కొత్తగా రాతపూర్వకంగా "కడతాను" అని సంతకం చేస్తే అప్పు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఇవ్వాలనుకుంటే డబ్బు ఇవ్వండి, కొత్త నోటు మాత్రం రాయకండి. వడ్డీ కూడా ముందు మాట్లాడుకోవాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు 2,000 వడ్డీకే పోతే, మీరు తెచ్చి ఇచ్చిన 3,000లో అసలు తగ్గేది 1,000 మాత్రమే. "ఇప్పటినుంచి వడ్డీ వద్దు, ఇచ్చింది అసలుకే జమ" అని నలుగురి ముందు మాట తీసుకుంటే అప్పు నిజంగా కరుగుతుంది. అసలు రాదనుకున్న డబ్బు వస్తుందంటే ఇందుకు చాలామంది ఒప్పుకుంటారు.

మళ్లీ మొదటి అప్పు

డిశ్చార్జి చేతికొచ్చి, రిపోర్టులో తప్పులు సరిచేయించి, నెల జీతంలో కొంచెం మిగులుతోందంటే ఇప్పుడు కొత్త చరిత్ర రాయడం మొదలుపెట్టాలి. అప్పు తీసుకోకపోతే స్కోరు పెరగదు. పాత గళ్లన్నీ ఎర్రగానే ఉంటాయి, వాటి పక్కన కొత్తగా 000లు పడాలి.

ముందు ఖాతా. పాత బాకీ ఉన్న బ్యాంకులో జీతం ఖాతా గానీ డిపాజిట్ గానీ పెట్టకండి. ఒకే బ్యాంకులో మీ అప్పు, మీ డబ్బు రెండూ ఉంటే దీన్ని దానికి సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. జీతం పడిన సాయంత్రానికే ఖాతా ఖాళీ అవడం ఇలాగే జరుగుతుంది. వేరే బ్యాంకులో కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా తెరవండి.

ఆ బ్యాంకులోనే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు అడగండి. స్కోరు పాడైనవాళ్లకు సాధారణంగా దొరికేది ఇదే. 25,000 డిపాజిట్ మీద 80 శాతం లిమిట్ ఇస్తే 20,000. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. నెలకు ఆ లిమిట్‌లో మూడో వంతు లోపే, అంటే ఓ 5,000, 6,000 వాడండి. కరెంటు బిల్లు, గ్యాస్ సిలిండర్, ఫోన్ రీచార్జి, ఎలాగూ అయ్యే ఖర్చులు మాత్రమే. కార్డు జేబులో పెట్టుకుని తిరగకండి, బీరువాలో ఉంచండి.

ఆటో డెబిట్ పెట్టేటప్పుడు "మినిమమ్ డ్యూ" (బిల్లులో కనీస భాగం) కాకుండా "టోటల్ డ్యూ" (బిల్లు మొత్తం) ఎంచుకోండి. చాలామంది మళ్లీ జారిపోయేది ఇక్కడే. 10,000 బాకీ ఉంచేస్తే, నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 350, దాని మీద 18 శాతం జీఎస్టీ 63, మొత్తం 413 రూపాయలు ఒక్క నెలకు. ఏటా చూస్తే రెండు రూపాయల వడ్డీ వ్యాపారే నయం. మరిచిపోతే చిన్న వెసులుబాటు ఉంది. గడువు దాటి మూడు రోజుల కంటే ఎక్కువైతేనే కార్డు కంపెనీ ఆలస్యమని రిపోర్టు చేయాలి, జరిమానా వేయాలి. దాన్ని అలవాటు చేసుకోకండి.

బంగారం లోన్ కూడా రిపోర్టులో పడుతుంది, స్కోరు చూడకుండా ఇస్తారు కూడా. అందుకని స్కోరు కోసం పుస్తెలతాడు కుదువ పెట్టమనేవాళ్లున్నారు. వద్దు. కార్డు బిల్లు పూర్తిగా కడితే వడ్డీ సున్నా. బంగారం మీద మొదటి రోజు నుంచే వడ్డీ. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుని తేదీ మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది. అవసరం కోసం ఇప్పటికే పెట్టి ఉంటే, నెలనెలా వడ్డీ కట్టే పద్ధతికి మార్చుకోండి.

చీటీలు కట్టడం పొదుపుకు మంచిదే. రిజిస్టర్డ్ చీటీ అయితే ఇంకా మంచిది. సిబిల్‌కు మాత్రం పనికిరాదు, నెలనెలా కట్టినా రిపోర్టులోకి రాదు. పాడుకుని వాయిదాలు ఆపితే మాత్రం ష్యూరిటీలు మళ్లీ ఇరుక్కుంటారు. కాబట్టి నిలదొక్కుకునే రోజుల్లో చీటీని చివరిదాకా పాడకుండా ఉంచుకోవడం ఉత్తమం.

ఇప్పుడు బ్యాంకుల నుంచి క్రెడిట్ కంపెనీలకు సమాచారం నెలకు కనీసం రెండుసార్లు వెళ్తుంది. 2025 జనవరి నుంచి ఇదే పద్ధతి. కాబట్టి మంచి, చెడు రెండూ త్వరగానే కనపడతాయి. ఏడాదిపాటు కార్డు సక్రమంగా నడిచాక ఒక చిన్న వస్తువు ఈఎంఐ, ఫ్రిజ్జో కుట్టుమిషనో, ఆరు నుంచి తొమ్మిది నెలలది తీసుకోవచ్చు. జీతం 1వ తేదీన పడితే ఈఎంఐ 5న పెట్టించండి, 28న కాదు. ఒకచోట కాదంటే వెంటనే ఇంకో నాలుగు చోట్ల దరఖాస్తు చేయకండి. ప్రతి దరఖాస్తుకూ ఒక ఎంక్వైరీ పడుతుంది, వరసగా ఎంక్వైరీలు చూస్తే డబ్బుకు ఇబ్బంది పడుతున్నారని అర్థం చేసుకుంటారు. ఎందుకు కాదన్నారో కారణం రాతలో అడిగి తీసుకుని, అది సరిచేశాక ఆరు నెలలకు మళ్లీ వెళ్లండి.

పిల్లల చదువు లోన్‌కు తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా ఉండాలి, వాళ్ల రిపోర్టు తీస్తారు. తండ్రి ఐపీ పెట్టి, తల్లి ఆ అప్పుల మీద సంతకం చేయకపోతే ఆమె చరిత్ర శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే ఖాళీగా ఉంటుంది. ఆమె సొంత సంపాదనతో, ఆమె పేరున డిపాజిట్, ఆమె పేరున కార్డు ఇప్పుడే మొదలుపెట్టండి. పిల్లవాడు పదో తరగతిలో ఉంటే ఇంజనీరింగ్ సీటు వచ్చేనాటికి ఆమె రిపోర్టులో రెండేళ్లకు పైగా 000లు పడి ఉంటాయి.